మిరాయ్ రెండుసార్లు: ఏటి అవతల ఒకసారి, ఇంట్లో ఒకసారి

ముందే చెప్పేస్తున్నా, ఇది సినిమా రివ్యూ కాదు. మిరాయ్ అనే ఆ తెలుగు సూపర్‌హీరో సినిమా బాగుందో లేదో అందరూ 2025 సెప్టెంబర్‌లోనే తేల్చేశారు. నేను రాస్తున్నది ఆ సినిమాని నేను చూసిన రెండు చోట్ల గురించి. ఒకటి, ఏరు దాటి ఆంధ్రా వైపు బండి మీద గంట పైనే పోతే వచ్చే ఒక సింగిల్ స్క్రీన్ హాలు. రెండోది మా ఇంట్లో 43 అంగుళాల టీవీ, అందులో హాట్‌స్టార్.

మాది పర్లాకిమిడి. మ్యాపులో ఒడిశా, గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ కలిపి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లాలో పడ్డట్టే. నాకు చిన్న మొబైల్ రీచార్జ్ కొట్టు ఉంది, కాబట్టి థియేటరా ఓటీటీయా అన్న గొడవ నాకు పేపర్లో చదివే విషయం కాదు, రోజూ కౌంటర్ అవతల నిలబడి అడిగే విషయం. "హాట్‌స్టార్ వచ్చే ప్యాక్ ఏదుంది బాబూ?" అని అడగని రోజు లేదు. మిరాయ్ పోస్టర్ పడిన వారం కూడా అదే మాట, "నాలుగు వారాలు ఆగితే ఫోన్లోకే వస్తుంది కదా, అంత దూరం ఎవడు పోతాడు" అని. నిజంగానే అలాగే వచ్చింది. సెప్టెంబర్ 12న హాల్లో పడితే అక్టోబర్ 10కి ఫోన్లో ఉంది. లెక్కపెట్టుకోండి, సరిగ్గా నాలుగు వారాలు.

అయినా మేం వెళ్లాం. నేను, అక్క, బావ, మేనల్లుడు, వాడి స్నేహితుడొకడు. రెండు బండ్లు. మా వైపు హాల్లో ఆ వారం వేరే సినిమా ఆడుతోంది, అడిగితే "తర్వాత హిందీది వేస్తామేమో" అన్నారు. తెలుగు సినిమాని తెలుగువాళ్లం హిందీలో చూడ్డం ఏంటని బావకి కోపం వచ్చింది. బావ కోపమే మమ్మల్ని ఏరు దాటించింది అనుకోండి.

హాలు సంగతి. పాత హాలు, సీట్లు మార్చారు గానీ మెట్లు మార్చలేదు. బాల్కనీకి ఎక్కే మెట్లు ఎంత నిలువుగా ఉంటాయంటే మా అమ్మని తీసుకెళ్లకపోవడం మంచిదయిందని మూడో మెట్టు దగ్గరే అనుకున్నాను. తెర మీద వెలుగు తక్కువ, ప్రొజెక్టర్ దీపం పాతబడితే వచ్చే ఆ పసుపు ఛాయ ఉంది. ఇవన్నీ సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది కుడి వైపు సౌండ్ బాక్సు. అది పని చేయట్లేదు. మామూలు సినిమా అయితే తెలిసేది కూడా కాదేమో, మాటలన్నీ మధ్యలోంచే వస్తాయి కదా. కానీ ఇంటర్వెల్ ముందు ఆ పెద్ద పక్షి తెర అడ్డంగా ఎగురుతుంది చూడండి, రెక్కల చప్పుడు ఎడమ నుంచి మొదలై, మన తల మీదకి వచ్చి, అక్కడే ఆగిపోయింది. పక్షి కుడి వైపుకి వెళ్లిపోయింది, చప్పుడు రాలేదు. మా మేనల్లుడు కుడి వైపు గోడ కేసి తిరిగి చూశాడు, ఆ పక్షి ఏమైందా అన్నట్టు.

అయినా ఆ సీన్‌లో హాలు హాలంతా లేచింది. అది రాయకుండా ఉండలేను. పక్షి కనపడకముందు ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు, సమోసా కాగితం నలిపే చప్పుడు కూడా లేదు, తర్వాత కింద క్లాసు నుంచి మొదలైన ఈల బాల్కనీ దాకా పాకింది. మా ముందు వరసలో ఒకాయన మొదటి నుంచీ వాళ్లావిడకి ప్రతి డైలాగూ ఒడియాలో చెప్తూనే ఉన్నాడు, గంటసేపు మాకు అదొక చిరాకు. ఆ పక్షి వచ్చినప్పుడు మాత్రం ఆయనా నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు, ఆవిడ కూడా ఏమీ అడగలేదు. ఆ ఒక్క చోట అనువాదం అక్కర్లేకపోయింది.

ఖర్చు. టికెట్లు, పెట్రోలు, ఇంటర్వెల్‌లో సమోసాలు, తిరిగొచ్చేటప్పుడు దారిలో టిఫిన్, అంతా కలిపి పన్నెండు వందలు దాటింది. మేం వెళ్లిన పది రోజుల లోపే, సెప్టెంబర్ 22 నుంచి, 100 రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. దాని వల్ల మాకు మిగిలేది ఏమంత కాదనుకోండి, ఒక టికెట్ మీద ఒక టీ డబ్బులు. అయినా ఒక వారం ఆగి ఉంటే బాగుండేదని బావ ఇప్పటికీ అంటాడు.

ఇక రెండో చూడ్డం. అక్టోబర్‌లో, ఇంట్లో, అమ్మతో. అప్పుడు హాట్‌స్టార్‌లో మూడు నెలలకి 149 రూపాయల ప్యాక్ ఉండేది, అది ఒక్క ఫోన్‌కే. టీవీలో కావాలంటే 299ది తీసుకోవాల్సి వచ్చేది, అదీ మూడు నెలలకే. పన్నెండు వందల పక్కన 299 పెట్టి చూస్తే ఇక వాదన దేనికి అని మీరంటారు. నా కొట్టుకి వచ్చేవాళ్లూ అదే అంటారు. చూద్దాం.

మొదట మంచి చెప్తాను. అమ్మ మోకాళ్ల నొప్పితో హాలుకి రాలేదు, ఇంట్లో మంచం మీద దిండు ఆనుకుని కూర్చుని చూసింది. శ్రియ తల్లి వేషం వేసింది కదా, ఆ తల్లి బిడ్డని ఎందుకు వదిలి వెళ్లాల్సి వచ్చిందో చెప్పే భాగం అమ్మకి రెండుసార్లు వేసి చూపించాను. "మళ్లీ వెయ్యి, ఆవిడ ఏందో అంది" అంటుంది. హాల్లో ఎవరిని అడుగుతాం మళ్లీ వెయ్యమని? హాల్లో నేను పెద్దగా పట్టించుకోని ఆ భాగమే ఇంట్లో నాకు బాగా ఎక్కింది. ఈ మాటైతే ఓటీటీకి ఇవ్వాల్సిందే.

ఇప్పుడు పక్షి. మా టీవీలో ఆ పక్షి కోడిపెట్టంత ఉంది. నేను అతిగా చెప్పడం లేదు, మా మేనల్లుడు అన్న మాట ఇది. పైగా సరిగ్గా హాల్లో ఈల పడిన చోట మా వంటింట్లో కుక్కర్ ఈల వేసింది. అక్క "పాజ్ చెయ్ పాజ్ చెయ్" అని లేచి వెళ్లింది, పక్షి రెక్కలు చాచినట్టే గాల్లో ఆగిపోయింది, పప్పు దించి వచ్చాక మళ్లీ ఎగిరింది. అంతే. ఎవరూ ఈల వెయ్యలేదు. అమ్మ "బాగుందిరా" అంది, అమ్మ టీవీలో వంటల ప్రోగ్రాం చూసినా అదే మాట అంటుంది.

ఇందులో టెక్నికల్ సంగతి ఒకటుంది, కొట్టులో రోజూ డేటా అమ్మే మనిషిని కాబట్టి చెప్తున్నా. పెద్ద థియేటర్లకి వెళ్లే డిజిటల్ సినిమా ఫైలు సెకనుకి 250 మెగాబిట్ల దాకా ఉండొచ్చు. ఇంట్లో 4కే అని గొప్పగా చెప్పుకునేది 15 మెగాబిట్ల చుట్టుపక్కల. ఫోన్లో మామూలు హెచ్‌డీ 3 మెగాబిట్లు. చీకటి గుహ, మంట, పొగ, ఒకేసారి వెయ్యి ముక్కలు ఎగరడం, ఫైలుని అలా నొక్కి చిన్నది చేస్తే ఇలాంటివే ముందు చెడిపోతాయి, సూపర్‌హీరో సినిమాలో ఉండేవేమో ఎక్కువగా ఇవే. నలుపు ఉండాల్సిన చోట మసి గుడ్డతో తుడిచినట్టు గళ్లు గళ్లుగా కనపడతాయి. అదీ నెట్ సరిగా ఉంటే. ఆ 3 మెగాబిట్లలో చూసినా రెండు గంటల ముప్పావు సినిమాకి 3.7 జీబీ దాకా తింటుంది. మా దగ్గర ఎక్కువమంది వేయించుకునేది రోజుకి 1.5 జీబీ, 2 జీబీ ప్యాక్. అంటే ఫోన్లో చూసేవాడు సినిమా సగం ఇవాళ, సగం రేపు చూడాలి, లేదా డేటా సేవర్ పెట్టుకుని ఎవడు హీరోనో ఎవడు విలనో తెలియని బొమ్మ చూడాలి. సాయంత్రం వచ్చి "డేటా అయిపోయింది, 1 జీబీ వెయ్యి, క్లైమాక్స్ ఉంది" అనేవాళ్లని అక్టోబర్‌లో నలుగురిని చూశాను. నాకు వ్యాపారమే అనుకోండి, కానీ క్లైమాక్స్‌ని టాప్-అప్ మీద చూడ్డం ఏంటి?

అసలు ఇలాంటి సినిమాలు ముందు ఎక్కడ రావాలన్న గొడవ అమెరికాలో మనకంటే ముందే బాగా ముదిరింది, కరోనా టైంలో. 2020 డిసెంబర్‌లో వార్నర్ వాళ్లు మరుసటి ఏడాది సినిమాలన్నీ, మొత్తం 17, థియేటర్లోనూ తమ ఓటీటీ హెచ్‌బీఓ మ్యాక్స్‌లోనూ ఒకే రోజు వేస్తామన్నారు. డిస్నీ 2021 జులై 9న బ్లాక్ విడో అనే సూపర్‌హీరో సినిమాని అలాగే రెండు చోట్లా వదిలింది, ఇంట్లో చూడాలంటే విడిగా 29.99 డాలర్లు కట్టాలి. మొదటి వారాంతంలో అక్కడి థియేటర్లలో 8 కోట్ల డాలర్లు, ఇంట్లో చూసినవాళ్ల నుంచి 6 కోట్ల డాలర్లు వచ్చాయని కంపెనీయే ప్రకటించింది. ఆ నెలాఖరుకి హీరోయిన్ స్కార్లెట్ జొహాన్సన్ కంపెనీ మీద దావా వేసింది. ఆమెకి రావాల్సింది థియేటర్ వసూళ్లతో ముడిపడి ఉంది మరి, ఇంట్లోకి వదిలేస్తే ఆ వాటా ఎక్కడి నుంచి వస్తుంది? సెప్టెంబర్ చివరికి రాజీ పడ్డారు. మనకి మాత్రం ఆ సినిమా హాలుకి రానేలేదు, సెప్టెంబర్ 3న నేరుగా హాట్‌స్టార్‌లో పడింది, తెలుగులో కూడా. చూశాను. ఏ గదిలో కూర్చుని చూశానో గుర్తుంది, సినిమా గుర్తు లేదు.

దానికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది, దాచను. మిన్నల్ మురళి. బాసిల్ జోసెఫ్ తీశాడు, టొవినో థామస్ హీరో, 2021 డిసెంబర్ 24న నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. పిడుగు పడ్డ ఒక టైలర్, అదే పిడుగు పడ్డ ఇంకో అభాగ్యుడు, ఒక ఊరు, అంతే కథ. మా ఇంట్లో అందరం తెలుగులో చూశాం, అమ్మతో సహా, కుక్కర్ ఈల వేసినా ఎవరూ లేవలేదు. ఎందుకు నచ్చిందంటే అందులో పెద్దది ఏదీ లేదు, మనుషులే ఉన్నారు, మనుషులు టీవీలో పడతారు. ఊళ్లో కుర్రాడి కథ అయితే ఇంటికి రానివ్వండి, ఆకాశం కనపడాల్సిన కథ అయితే హాలుకి పోనివ్వండి అనిపిస్తుంది. ఆ సినిమా కూడా హాల్లో పడి ఉంటే మా ఊళ్లో ఎవరైనా చూసేవారా? నాకు అనుమానమే.

హనుమాన్ సంగతి తల్చుకుంటే మాత్రం నా అభిప్రాయం గట్టిపడుతుంది. 2024 సంక్రాంతికి, జనవరి 12న, అదే రోజు మహేష్ బాబు సినిమా. హనుమాన్‌కి హాళ్లు దొరకలేదు, హైదరాబాద్‌లో మరీ అన్యాయం అని అప్పుడంతా అదే మాట. తర్వాత చూసినవాడు ఇంకొకడికి చెప్పి, వాడు ఇంకొకడికి చెప్పి, హాళ్లు పెరిగాయి. మా కొట్టు ముందు టీ తాగుతూ ఒకడు చెప్తే ముగ్గురు బండ్లెక్కి ఏరు దాటారు, అందులో నేనొకణ్ని. ఫోన్లో ముందే వచ్చుంటే ఆ మాట ఎవడు ఎవడికి చెప్తాడు? "నా ఫోన్లోనూ ఉంది, చూస్తాలే" అని ఊరుకుంటాడు, చూడడు. మా వాచ్‌లిస్టుల్లో అలా పడి ఉన్న సినిమాలు ఎన్నో.

కానీ, ఇక్కడే నాకు మండేది ఒకటుంది. ఆ హనుమాన్ మార్చి 16న హిందీలో వచ్చేసింది, తెలుగులో జీ5లో 17న వచ్చింది. తెలుగు సినిమా, తెలుగువాడికి ఒక రోజు ఆలస్యం! హైదరాబాద్ వాళ్లకి ఒక రోజే కదా అనిపించొచ్చు. మా దగ్గర హిందీ, ఒడియా, తెలుగు మూడూ ఒకే అరుగు మీద కూర్చుంటాయి, ఆ ఒక్క రోజులో మా బావ ఆఫీసు స్నేహితులు హిందీలో చూసేసి కథంతా చెప్పేశారు. కల్కి ఇంకా విచిత్రం. 2024 జూన్ 27న హాల్లో, ఎనిమిది వారాలకి ఆగస్టు 22న ఓటీటీలో, బాగానే ఉంది, ఎనిమిది వారాలు పద్ధతైన గడువు. కానీ తెలుగు ప్రైమ్‌లో, హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో. మా ఇంట్లో అమ్మకి తెలుగు కావాలి, మేనల్లుడి స్నేహితులకి హిందీ కావాలి, ఒకే సినిమాకి రెండు యాప్‌లకి డబ్బులు కట్టాలన్నమాట. అదే హాల్లో అయితే? ముందు వరస ఆయన వాళ్లావిడకి ఒడియాలో చెప్పుకుంటాడు, అదనంగా రూపాయి కట్టక్కర్లేదు.

భాష అంటే గుర్తొచ్చింది, ఇంగ్లీషు సూపర్‌హీరోల తెలుగు డబ్బింగ్ గురించి ఎవరూ రాయరు. 2018లో అవెంజర్స్ ఇన్ఫినిటీ వార్‌లో విలన్ థానోస్‌కి రానా గొంతు ఇచ్చాడు, అది హాల్లో కూర్చుని వింటే గుండెలో అదిరింది, ఆ గొంతుకి పెద్ద బాక్సులు కావాలి. మిగతా వాటిలో చాలా మటుకు మా మేనల్లుడు "మావయ్యా, ఇలా ఎవరు మాట్లాడతారు?" అని అడుగుతాడు. వాడు తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, బడిలో లేదు కదా, ఇంట్లో విన్న తెలుగే వాడి తెలుగు. "నీ దుష్ట ప్రణాళికను నేను విఫలం చేసెదను" అన్న ధోరణిలో హీరో మాట్లాడితే వాడికి ఇంగ్లీషే నయం. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరండీ మాది, వాడుక భాష కోసం ఆయన పోట్లాడింది ఇక్కడి నుంచే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మా ఊరు అటు పోయిందని ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. అలాంటి ఊళ్లో కూర్చుని "చేసెదను" వినాలా. రిమోట్‌లో ఆడియో మార్చుకునే వీలుంది, అందుకని ఇంట్లో అయితే మేనల్లుడు చటుక్కున ఇంగ్లీషుకి మార్చేస్తాడు, అమ్మ లేచి వెళ్లిపోతుంది. హాల్లో ఇద్దరూ కలిసి తిట్టుకుంటూ చూసేవాళ్లు. అది కూడా ఒక రకం ఆనందమే.

సరే, మార్కులు. హాలుకి ఐదుకి మూడు. ఒక మార్కు కుడి బాక్సుకి పోయింది, ఇంకోటి ఆ మెట్లకీ ఆ పసుపు దీపానికీ కలిపి. ఇంటికి ఐదుకి మూడు, సౌకర్యానికి పూర్తిగా ఇచ్చి పక్షికి తీసేశాను. ఇద్దరికీ సమానం వచ్చిందని నేను గోడ మీద పిల్లిలా ఉన్నాననుకోకండి. మార్కులు ఆ హాలుకీ ఈ టీవీకీ, వరస అడిగితే హాలే ముందు. సూపర్‌హీరో సినిమా మొదట హాల్లోనే పడాలి, నాలుగు వారాలు కాదు, కనీసం ఎనిమిది వారాలు. కొత్త లోక అనే సూపర్‌హీరో సినిమా చూడండి, 2025 ఆగస్టు 28న మలయాళంలో హాళ్లలో పడింది, హాట్‌స్టార్‌కి వచ్చింది అక్టోబర్ 31న. తొమ్మిది వారాల పైన. ఎవరి కొంపా మునగలేదు, జనం మాట్లాడుకుంటూనే ఉన్నారు. నాలుగు వారాలైతే నా కొట్టు దగ్గర అందరూ క్యాలెండర్ చూపిస్తారు, తొమ్మిది వారాలంటే ఎవడూ లెక్కపెట్టడు, బండి తీస్తాడు.

దాంతో పాటు మా వైపు హాళ్లకి కూడా తెలుగుది పంపండి. ఏటి అవతలే తెలుగువాళ్లు ఉన్నారని ఎవరు చెప్పారో గానీ, గట్టు మీద నిలబడి చూస్తే రెండు వైపులా మేమే. అప్పుడు అమ్మని కూడా ఆటోలో తీసుకెళ్తాను, కింద క్లాసులో, మెట్ల గొడవ లేకుండా.

ఇది రాసే ముందు ఆ హాలుకి ఫోన్ చేశాను, కుడి బాక్సు బాగయిందా అని. "చేయిస్తున్నామండీ, మెకానిక్ రావాలి" అన్నాడు. ఎప్పటి నుంచి చెప్తున్నారో అడగలేదు. వచ్చే పెద్ద సినిమాకి ఐదు టికెట్లు తీసి పెట్టమన్నాను, ఎడమ వైపు.